మచ్చుకు కాస్త గాలి

డాక్టరుతో బేరమాడినవాణ్ణి ఢిల్లీ మొత్తం మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను. దీపావళి వెళ్లిన వారం అది. ఆయన మా ఆవిడ ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూసి, ఈ ఊపిరితిత్తులు ఇక ఇక్కడి చలికాలపు పొగను మోయలేవన్నాడు. వెంటనే ఢిల్లీ వదలాలని, ఎండలు మొదలయ్యాక రావచ్చని, అసలు రాకపోతే ఇంకా మంచిదని చెప్పాడు.

"చలికాలం మొత్తమంటే ఎలా డాక్టర్ సాబ్? నెల రోజులు సరిపోవూ?" అన్నాను నా తెనాలి హిందీలో. ఆయన ఎక్స్‌రేను కవర్లో పెట్టేశాడు. "పోనీ, నెలన్నర?"

"భాయ్‌సాబ్, ఇది కూరగాయల మండీ కాదు" అన్నాడాయన.

మా ఆవిడకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే దగ్గయింది. దగ్గు ఆగేదాకా డాక్టరూ నేనూ బల్ల వైపు చూస్తూ కూర్చున్నాం.

నన్ను తప్పుపట్టి లాభం లేదు. నాన్నది కిరాణా కొట్టు, బాబాయిలది బట్టల కొట్టు, మేనమామది ఇత్తడి సామాన్ల కొట్టు. నాకు మాటల కంటే ముందు బేరం వచ్చిందని అమ్మ అనేది. అడిగిన రేటుకు ఆటోవాడు ఒప్పుకుంటే, ఇంకా తగ్గించి అడగాల్సిందేమోనని దారంతా కుమిలిపోయే రకం నేను.

మెట్రోలో ద్వారకలోని మా ఫ్లాటుకు చేరాం. ఇంట్లోకి వచ్చి చెప్పులు విడుస్తూ, "నేను ఢిల్లీ వదలను. ఆ మాట మళ్లీ ఎత్తకండి" అంది.

ఎందుకు వదలదో నాకు తెలుసు. ఈ ఊరికి ఆవిడ నా ఉద్యోగం వెంట వచ్చింది. మునిర్కాలో గది అద్దెకు తీసుకుని సివిల్స్‌కు చదువుకునే ఇద్దరు తెలుగు కుర్రాళ్లకు ఒక ఎండాకాలం భూగోళం చెప్పింది. వాళ్లు మరికొందరిని పట్టుకొచ్చారు. ఇప్పుడు జియా సరాయ్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఆవిడ క్లాసంటే వెనక గోడకు ఆనుకుని నిలబడి కూడా వింటారు. తెనాలిలో మా ఇంటి చిన్నకోడలు. ఇక్కడ మేడమ్.

అయినా ప్రాణం కంటే ఏది ఎక్కువ? నేను నా పని మొదలుపెట్టాను. విజయవాడ శాఖకు బదిలీ కావాలని మా పైఅధికారిని అడిగి మాట తీసుకున్నాను. తెనాలిలో అన్నయ్యకు ఫోన్ చేసి మేడ మీద వాటా ఖాళీ చేయించమన్నాను. మిగిలింది ఆవిడ ఒప్పుకోవడం. అక్కడ నాన్న పద్ధతి గుర్తొచ్చింది. ఆయన బెల్లాన్ని ఎన్నడూ మాటలతో అమ్మలేదు. చిన్న ముక్క కొట్టి మచ్చుకని చేతిలో పెట్టేవాడు, తర్వాత త్రాసు తుడుచుకుంటూ తన పనిలో పడేవాడు. నోట్లో ముక్క కరగకముందే నోరు తెరిచేవాడు వర్తకుడే కాదనేవాడు.

కార్తీకమాసంలో మా పెళ్లిరోజు. ఈసారి కొండల్లో జరుపుకుందామన్నాను. కొన్ని రోజులు మంచి గాలి పీలిస్తే, ఆ తర్వాత నా సరుకు దానంతటదే అమ్ముడుపోతుందనుకున్నాను.

పొద్దున్న రైల్లో కొండల కింద పట్టాలు ఆగిపోయే కాఠ్‌గోదాం వెళ్లి, అక్కడినుంచి జీపులో కుమావూ కొండలెక్కాం. మంచు పడేంత ఎత్తు కాదు. రాతిపలకల కప్పులున్న ఇళ్లు, మెట్లుమెట్లుగా పొలాలు, చాలా దూరంగా తెల్లటి శిఖరాలు. కుక్క మొరిగితే అవతలి కొండ నుంచి ఇంకో కుక్క జవాబిచ్చేంత నిశ్శబ్దం. మేం దిగిన ఇంటావిడ యాభై దాటిన మనిషి, ఊరంతటికీ దీదీ. కింద తానుంటూ పై గది అద్దెకిస్తుంది. సామాను దించకముందే నేను మొదలుపెట్టాను.

"టీ, వేడినీళ్లు, ఎదురుగా ఆ కొండ, అన్నీ కలిపి ఒక రేటు చెప్పాలి దీదీ!"

"టీ, నీళ్లు నావి. కొండ నాది కాదు భయ్యా, దానితో నువ్వే మాట్లాడుకో" అందావిడ.

మర్నాడు మధ్యాహ్నం దీదీ ముంగిట్లో ఎండలో చాప పరిచి, పెద్ద నిమ్మకాయల్ని తొనలుగా ఒలిచి, పెరుగూ బెల్లమూ వేయించిన గింజల పొడీ కలిపి పెట్టింది. అది తిని మా ఆవిడ చాప మీదే నిద్రపోయింది. నేను పక్కన కూర్చుని కొండను చూస్తున్నాను. కాసేపటికి ఏదో తక్కువైందనిపించింది. కొన్నేళ్లుగా ఆవిడ నిద్రపోతే గొంతులో సన్నగా ఈల మోగుతుంది. దాని పక్కనే పడుకుని అలవాటైపోయాను. ఇప్పుడది లేదు. వంగి, ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టాను.

"పోలేదు లెండి, ఉన్నాను" అంది కళ్లు తెరవకుండానే.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత కొండ వైపు చూడలేదు, ఆవిడనే చూస్తూ కూర్చున్నాను.

పెళ్లిరోజు ఉదయం పొలం గట్టు మీద కూర్చున్నాం. అంత ఎత్తూ ఎక్కి వచ్చినా ఆవిడ కొంగులో ముడేసుకున్న ఇన్‌హేలర్ బయటికి రాలేదు. ముక్క కరిగింది, ఇదే సమయం అనుకున్నాను.

"గాలి బాగుంది కదూ?"

"ఊఁ."

"రోజూ ఇలా ఊపిరి పీల్చుకోవచ్చు నువ్వు. తెనాలి వెళ్లిపోదాం" అని బదిలీ సంగతి, మేడ మీద వాటా సంగతి వరసగా విప్పాను. కిటికీలు ఎటు తెరుచుకుంటాయో కూడా చెప్పాను. చివరిదాకా విని, "అయిందా?" అంది.

"అయింది."

"మచ్చు ఇక్కడిది చూపించి, సరుకు తెనాలిది అంటగడుతున్నారా? మామయ్యగారు ఉండి ఉంటే మిమ్మల్ని కొట్లోంచి గెంటేసేవారు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"మీ ఆఫీసులో చెప్పారు. బావగారికి చెప్పారు. నాకెప్పుడు చెబుదామని?"

ఆవిడ గట్టు మీది గడ్డి పీకుతూ నెమ్మదిగా అంది: "అక్కడ గాలి బాగానే ఉంటుంది, కాదనను. కానీ పొద్దున లేచేసరికి, పాపం ఊపిరాడని పిల్ల, దానికి పని చెప్పకండర్రా అంటారు. మీ వదిన నా చేతిలో చీపురు కూడా ఉండనివ్వదు. అంత మంచివాళ్లు. ఆ మంచితనంలో నేను ఎవర్నీ కాకుండా పోతానండీ."

"పిచ్చిదానా, ముందు బతకాలిగా!"

"పోయిన చలికాలం క్లాసులో బోర్డు పట్టుకుని అలా నిలబడిపోయాను. ఊపిరి అందలేదు. పిల్లలు నేనేదో గీస్తున్నాననుకున్నారు. ఒకసారి కాదు. మీకు చెబితే ఇదిగో, ఇలా వాటాలు చూస్తారని చెప్పలేదు."

నాకు భయం కోపంగా వచ్చింది. "అయితే ఢిల్లీలోనే ఉండి చచ్చిపోతావా?"

"బతకాలనే ఉంది" అంది. నా వైపు తిరిగింది. "అందుకే అడుగుతున్నా. నన్ను ఇక్కడ వదిలి వెళ్లండి."

ఆవిడ అన్నీ కనుక్కునే ఉంది. దీదీ వంట గ్యాసు మీదేనట, పొగ ఉండదు. పై వరండా మూలన సిగ్నల్ నిలకడగా వస్తుందట. గాలి చెడి ఢిల్లీలో బడులు మూసిన రోజుల్లో ఎలాగూ పాఠం ఫోన్లోనే చెబుతోంది, అదేదో ఇక్కడినుంచే చెబుతుందట. నేను మచ్చు చూపిస్తున్నాననుకున్న రోజుల్లో ఆవిడ కొట్టు మొత్తం చూసేసింది.

"ఎన్నాళ్లు?" అన్నాను.

"చలి పోయేదాకా."

"క్రిస్మస్ దాకా చూద్దాం."

"శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారుగా. అప్పటిదాకా."

"జనవరి నెలాఖరు. అదే నా ఆఖరి మాట."

"శివరాత్రి" అంది. రేటు రాసిపెట్టిన కొట్లో గుమస్తాలా అంది. నేను లేచి వెళ్లిపోయేవాడిలా నాలుగడుగులు వేశాను. కొట్టువాళ్లు వెనక్కి పిలుస్తారు. ఆవిడ పిలవలేదు. తిరిగి వచ్చి పక్కన కూర్చున్నాను.

డాక్టరుకు ఫోన్ చేశాం. ఆయన కింది పట్నంలో ఆసుపత్రి ఎంత దూరమో అడిగి, పొయ్యి పొగకూ తెల్లవారుజాము చలికీ దూరంగా ఉంచమని చెప్పి, "చూద్దాం" అన్నాడు. అంతకంటే ఎక్కువ ఆయన నోట రాలేదు, నేను ఎంత లాగినా.

దీదీతో మాత్రం గట్టిగా బేరమాడాను. గదిలో హీటరుండాలి, పొద్దున్నే పైకి వెళ్లి పలకరించాలి, పిలిస్తే వచ్చే జీపువాడి నంబరు గోడ మీద రాయాలి, మా ఆవిడ ఫోను ఎత్తకపోతే నేను దీదీకి చేస్తాను, అది ఎత్తాలి. దీదీ ప్రతిదానికీ అచ్ఛా, అచ్ఛా అంటూ విని, చివరికి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"భయ్యా, పెళ్లాన్ని వదిలి వెళ్తున్నావా, బంగారాన్ని తాకట్టు పెడుతున్నావా?"

"తాకట్టే దీదీ, విడిపించుకుపోతాను" అన్నాను.

వెళ్లే రోజు జీపు ఆగేచోటికి ఎత్తుదారి. ఆవిడ ముందు నడిచింది. ఢిల్లీలో మెట్రో మెట్ల మీద ఆవిడ కోసం ఆగడం నాకు అలవాటు. ఇక్కడ సగం దారిలో నాకే ఆయాసం వచ్చి బండరాయి పట్టుకుని నిలబడ్డాను. పైనుంచి ఆవిడ ఆగి చూసింది. నేను అందుకునేదాకా ఆగి, మళ్లీ నడిచింది.

ఇప్పుడు ద్వారకలో కిటికీలు మూసుకుని కూర్చుంటే, అద్దాల అవతల పొగలో ఎదుటి టవర్లు కనపడవు. సాయంత్రం క్లాసయ్యాక ఆవిడ ఫోన్ చేస్తుంది. ఋతుపవనాల పాఠం మధ్యలో సిగ్నల్ పోయిందని, పిల్లలు గోల చేశారని, పప్పులో చింతపండు వేయడం దీదీకి నేర్పానని చెబుతుంది. నేను మాటలు సగమే వింటాను. మాటకూ మాటకూ మధ్య ఊపిరి ఎలా ఉందో వింటాను.

"ఏంటి, మాట్లాడరే?" అంటుంది.

"వింటున్నా" అంటాను.

ఈల లేదు. రోజురోజుకీ గొంతు తేటపడుతోంది. అంత తేటపడిన గొంతును శివరాత్రి వెళ్లాక ఈ ఊరికి రమ్మని ఏ నోటితో పిలవాలో నాకు తెలియదు. ఆ మాట ఆవిడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.