బోణీ మెయిల్

2022లో నేను చెన్నై షోళింగనల్లూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. ఆఫీసులు వాడుకునే మెయిల్ ప్రోగ్రామ్ మాది. అందులో థ్రెడింగ్ నా పని, అంటే ఒకే మాటామంతీకి చెందిన ఉత్తరప్రత్యుత్తరాలను ఒక కట్టగా చేర్చడం. ప్రతి మెయిల్‌కూ పైకి కనిపించని ఒక నంబరు ఉంటుంది. రిప్లై నొక్కితే పాత మెయిల్ నంబరు కొత్తదానిలోకి చేరుతుంది. ఆ నంబర్లను పట్టుకునే మేము కట్టలు కడతాం. ఇదీ ఒక ఉద్యోగమేనా అని మా అత్తగారికి ఇప్పటికీ అనుమానమే.

ఒకరోజు అంబత్తూరులో పంపు విడిభాగాలు చేసే వరదరాజులు గారి నుంచి ఫిర్యాదు వచ్చింది. మా ప్రోగ్రామ్ అందరి మెయిళ్లనూ కలగాపులగం చేస్తోందట. ఫోన్లో తేలక నేనే వెళ్లాను. నేను వెళ్లేసరికి షెడ్డులో మెషీన్ ఆగి ఉంది.

"ఈడ చూడమ్మా. కోయంబత్తూరు పార్టీ డ్రాయింగ్ మార్చి పంపినారంట. యాడుందో కనపడ్లా. పాత కొలతల్తో కోస్తే అంతా స్క్రాపే" అన్నారు.

"మళ్లీ పంపమని అడగండి సార్."

"రెండుతూర్లు అడిగినా. ఇంకోతూరి అడిగితే వేరే ఆళ్లకి ఇచ్చేస్తారు. మా పాత పార్టీ అమ్మా, పోతే ఎట్లా?"

వెతికితే ఆ మెయిల్ బదులు వేల మెయిళ్ల కట్ట ఒకటి ఊడిపడుతోంది. ముందు ఆయన ఖాతాలో థ్రెడింగ్ ఆపేసి, తేదీల వరుసలో పెట్టాను. డ్రాయింగ్ దొరికింది. కాసేపటికి షెడ్డులో మెషీన్ మొదలైంది. ఆయన ముఖం చూస్తే నాకూ ప్రాణం లేచొచ్చింది.

కానీ అంత కట్ట ఎలా పడింది? "సార్, ఒక కొత్త మెయిల్ రాసి చూపించండి" అన్నాను.

ఆయన ఏదో పాత మెయిల్ తెరిచి, తెరను వేళ్లతో తాకి కళ్లకద్దుకుని, రిప్లై నొక్కారు. అందులోని అడ్రసు, సబ్జెక్టు, విషయం అన్నీ చెరిపి కొత్తవి రాశారు.

"ఇది మా మొదటి ఆర్డరు మెయిల్. బోణీ. ఆ పంపిన పెద్దాయన హస్తవాసి మంచిది. ఏది రాసినా దీంట్లోనుంచే మొదలుపెడతా."

"కొత్త మెయిల్‌కి వేరే బటన్ ఉంది కదా సార్!"

"ఉండాదిలే. మనసొప్పదు, ఏం చేసేది?"

నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఆయన రాసినవన్నీ మా లెక్కలో ఆ ఒక్క మెయిల్‌కే జవాబులు మరి! వాటికి అవతలివాళ్లు ఇచ్చిన జవాబులూ ఆ కట్టలోకే.

"ఆయనకి సరిగ్గా వాడటం నేర్పించు" అన్నాడు మా మేనేజర్. నేను ఒప్పుకోలేదు. ఆ మనిషి బోణీని మానిపించడానికి మనమెవరం? రిప్లైలో సబ్జెక్టు, అడ్రసు రెండూ పూర్తిగా మారితే దాన్ని కొత్త కట్టగా చూడాలని ప్రోగ్రామ్‌లో ఒక నియమం రాశాను. ఆ తర్వాత మిగతా ఆఫీసుల నుంచీ ఇలాంటి ఫిర్యాదులు తగ్గాయి. బద్ధకంతో పాత మెయిల్‌కే రిప్లై కొట్టేవాళ్లు ఊరినిండా ఉన్నారన్నమాట. అప్పటినుంచి ఎవరు ఫిర్యాదు చేసినా, తప్పు వాళ్లదనే ముందు, ఎలా చేస్తున్నారో ఒకసారి చేసి చూపించమంటాను.

కొత్త వెర్షన్ ఇచ్చిన మర్నాడు వరదరాజులు గారి నుంచి మెయిల్ వచ్చింది. "కోయంబత్తూరు సరుకు చేరిపోయింది. పార్టీకి తృప్తి. బాగుండమ్మా." అది విడిగా, తనదైన కట్టలో, బుద్ధిగా కూర్చుంది. ఊరుకోలేక దాని లోపలి వివరాలు తెరిచి చూశాను. ఆ బోణీ మెయిల్ నంబరు అందులో అలాగే ఉంది. నాకూ ఆ హస్తవాసి తగిలిందని సంతోషపడి మూసేశాను.