ఆరున్నొకటో దెబ్బ

మా బడిలో ఏడో తరగతికి సంగీతం పీరియడ్ మధ్యాహ్నం అన్నాలయ్యాక వస్తుంది. పెరుగన్నం తిన్న నలభై మంది పిల్లలు, రేకుల షెడ్డు, జూన్ నెల విజయవాడ ఎండ. పైన ఫ్యాను గాలి కంటే చప్పుడే ఎక్కువిస్తుంది. గంట మోగేసరికి వాళ్లకంటే ముందు నాకే నిద్ర ముంచుకొచ్చేది. అలాంటప్పుడు వాళ్లచేత గట్టిగా ఒక 'స' పలికించడమంటే, అప్పుడే మూట దించిన హమాలీని మళ్లీ ఎత్తుకోమన్నట్టుండేది.

నేను వన్ టౌన్‌లో పప్పుల కొట్టువాళ్ల పిల్లని. పాట పక్కవీధి మేష్టారి దగ్గర నేర్చుకున్నా, మాట మాత్రం కొట్లోనే నేర్చుకున్నాను. మొదటిరోజు తాళం చెబుతూ అలవాటు కొద్దీ "లాభం, రెండు, మూడు..." అని మొదలుపెట్టాను. పిల్లలు పక్కున నవ్వారు. కాటా ముందు మా నాన్న ఎప్పుడూ ఒకటి అనేవాడు కాదని, మొదటి తూకాన్ని లాభం అనే పిలిచేవాడని చెప్పాను. వాళ్లకది తెగ నచ్చింది. మర్నాటి నుంచి క్లాసు క్లాసంతా లాభంతోనే తాళం ఎత్తుకునేది. పిల్లల్ని భలే పట్టేశానని లోలోపల మురిసిపోయాను.

పీరియడ్ నిలబెట్టుకోవడంలో మాత్రం అంత తెలివి చూపలేకపోయాను. లెక్కల సారు తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు.

"మేడం, ఇవాళొక్కరోజు మీ పీరియడ్ ఇచ్చేయండి. యూనిట్ టెస్టుంది."

"మళ్లీ ఎప్పుడిస్తారు?"

"ఇచ్చేస్తానండీ. ఎక్కడికి పోతాను?"

"అయితే శుక్రవారం మొదటి పీరియడ్ ఇవ్వండి. పొద్దున్నే గొంతులు బాగుంటాయి."

"బుర్రలు కూడా అప్పుడే బాగుంటాయి మేడం."

ఇలా ఆయన పట్టుకుపోయినవే ఎక్కువ, నేను రాబట్టుకున్నవి తక్కువ. చీరల కొట్లో నన్ను చూడగానే గుమాస్తాలు నీరసపడతారని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ పేరంతా బడి గేటు బయటే.

దసరా సెలవులయ్యాక ప్రిన్సిపాల్ గారు పిలిచారు. వచ్చే ఏడాది నుంచి ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు పెట్టమని తల్లిదండ్రులు అడుగుతున్నారట.

"మీ పీరియడ్లు తీసేద్దామని కరస్పాండెంట్ గారి ఆలోచనండీ," అన్నారావిడ.

"అన్నీనా?"

"అన్నీ."

"యానివర్సరీ దాకా ఆగండి. ఏడో తరగతి మొత్తంచేత పాడిస్తాను. విన్నాక మీ ఇష్టం."

"మొత్తమెందుకు మేడం? బాగా పాడే పదిమందిని ఏరుకోండి. మిగతావాళ్లని వెనకాల నిలబెట్టి పెదాలు కదపమనండి."

"ఏరి అమ్మేస్తే మిగిలిన సరుకెవరు కొంటారండీ?" అని నోరు జారాను. ఆవిడ నవ్వలేదు. అయినా నలభై మందికీ సరేనన్నారు. మెట్లు దిగుతుంటే తెలిసొచ్చింది: కొట్లో లేని సరుక్కి బేరం కుదుర్చుకుని వస్తున్నాను. ఫిబ్రవరిలో ఆ పిల్లలు పాడకపోతే బడిలో ఇక పాటన్నదే ఉండదు.

సినిమా పాట వద్దనుకున్నాం. మైకు పెట్టుకుని వీధుల్లోకి వచ్చే బళ్లవాళ్ల కేకలు విని రాసుకు రమ్మన్నాను. ఉల్లిపాయల ఆటో, పాత ఇనప సామాన్ల బండి, బొంతలు కుట్టే మనిషి. వాటినే వరసకట్టి ఆదితాళంలో పెట్టాం. ఆదితాళమంటే ఎనిమిది లెక్కలు: ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. చిన్నపిల్లలకు మొదట నేర్పేది ఇదే.

అదే కుదిరేది కాదు. ఆరో లెక్క దాకా బాగానే వచ్చి, ఆ తర్వాతి దెబ్బ దగ్గర నలభై చేతులూ గాల్లో ఆగిపోయేవి. పాట అక్కడ కుంటేది. నవంబరంతా అరిచాను. నిద్రమత్తన్నాను, పెరుగన్నమన్నాను, ఫోన్లు చూసి చూసి వీళ్లకి లయ పోయిందని స్టాఫ్ రూములో ఉపన్యాసమిచ్చాను. సాయంత్రం బస్సు దొరికినా కూర్చోవడానికి సీటుండేది కాదు. నిలబడి కూడా ఆ దెబ్బ గురించే ఆలోచించేదాన్ని.

డిసెంబర్లో ఒకరోజు నా గొంతు పూర్తిగా పోయింది. ముందు వరసలో కూర్చునే అమ్మాయిని లేపి, లెక్క నువ్వు చెప్పమని సైగ చేశాను. వాళ్ల నాన్నకు బట్టల కొట్టుంది. ఆ పిల్ల పెద్దగా పాడదు, పాడేవాళ్లను తప్పుపట్టడంలో మాత్రం దిట్ట. లెక్క మొదలుపెట్టింది. పాట ఆగకుండా, కుంటకుండా చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారీ అంతే.

"మీరు చెప్పకపోతేనే బాగా వస్తోంది మిస్," అంది.

ఎందుకని చేత్తో అడిగాను.

"మీరు ఆరున్నొకటి అంటారు కదా. అంత పొడుగు మాట అయ్యేదాకా మేం చెయ్యెత్తుకునుండాలి. నేను ఏడు అనేశా."

నిజమే. కొట్లో ఏడు అనరు. ఏడుపు గుర్తొస్తుందని, ఆరున్నొకటి అంటారు. లాభం నాకు తెలిసి చెప్పిన ముచ్చట. ఇది నాకే తెలియకుండా నోట్లోంచి వచ్చేస్తున్నది. ఒక్క దెబ్బలో పట్టని మాటను పట్టించమని రెండు నెలలుగా పిల్లల్ని తిట్టాను.

"ఏడనకూడదు," అన్నాను గుసగుసగా.

"మా నాన్న మీటర్లు కొలిచేప్పుడు ఏడే అంటాడు మిస్. మా కొట్లో ఎవరూ ఏడవలేదు."

గొంతొచ్చాక ప్రయత్నించాను. ఏడో తరగతి అనగలను, ఏడు గంటలు అనగలను. వరసగా లెక్కపెడుతూ ఆరు దాటితే మాత్రం నాలుక పాతదారే పట్టేది. వారం చూశాను. నలభై ఏళ్లు దాటిన నాలుకను మార్చడం కంటే మనిషిని మార్చడం తేలికనిపించి, లెక్క చెప్పే పని ఆ పిల్లకే అప్పగించాను. పిల్లలకు క్షమాపణ చెప్పాలనుకున్నాను. చెప్పింది మాత్రం, "సరే, ఇక పని చూడండి," అని.

ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాల రద్దీ తగ్గిన వారంలో యానివర్సరీ జరిగింది. నేను స్టేజీ పక్క తెరచాటున నిలబడ్డాను. నోరు మూసుకుని ఉండడమే ఆరోజు నా వంతు. నలభై మందీ పాడారు. ఇద్దరు ముగ్గురి శ్రుతి ఎక్కడికో పోయింది, ఒక మైకు మధ్యలో కీచుమంది, తాళం మాత్రం తప్పలేదు. పాత సామాన్ల కేకకి తల్లిదండ్రులు నవ్వారు. కరస్పాండెంట్ గారు సగం పాట ఫోన్లో మాట్లాడుతూ విన్నారు.

ఏప్రిల్లో కబురొచ్చింది.

"బాగా చేయించారు మేడం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఆరు, ఏడు తరగతులకు వారానికొక పీరియడ్ ఉంచుతున్నాం. శనివారం ఆఖరివి రెండూ మీవి. ఎనిమిదికి మాత్రం కుదరదు."

"ఎనిమిదికి కూడా ఒకటి..."

"పూర్తిగా తీసేద్దామన్నారండీ ఆయన. నేను ఇక్కడిదాకా లాక్కొచ్చాను."

ఆవిడ మొహం చూస్తే ఆవిడా నాలాగే అలిసిపోయి ఉన్నారు. సరేనని వచ్చేశాను. మామూలుగా ఇంకో నాలుగు మాటలు ఆడి ఉండేదాన్ని. ఆ నాలుగు మాటలకీ ఓపిక లేదు. ఎవరి పాటతో పీరియడ్ మిగిలిందో, జూన్ నుంచి వాళ్లకే పాట లేదు.

ఆఖరి రోజు షెడ్డుకు తాళం పెడుతుంటే ఆ అమ్మాయి వచ్చింది.

"ఎనిమిదికి మ్యూజిక్ లేదంట కదా మిస్?"

"లేదమ్మా. అడిగాను, ఇవ్వలేదు."

"ఎనిమిదిలో శనివారం ఆఖరి పీరియడ్ మాకు గేమ్సంట. మాలో ఇష్టమున్నవాళ్లని ఇక్కడికి పంపుతారేమోనని గేమ్స్ సార్ని అడిగా. వారం విడిచి వారం పంపుతానన్నారు."

పెద్దదాన్ని, థాంక్స్ చెప్పాలి. "ప్రతివారం అడగాల్సింది," అన్నాను.

"ప్రతివారమనే మొదలుపెట్టా మిస్," అంది. "ఆయన కుదరదంటే దిగా."