తమ్ముడి నల్ల కారు, నా ఒట్టు

అందరూ ఎలా ఉన్నారు? పాస్టరమ్మగారూ, మీ ఎడమ మోకాలి వాపు తగ్గిందా? నూనె రాసిన వెంటనే చన్నీళ్ళలో కాళ్ళు పెట్టకండి. మన సంఘంలో డోలక్ వాయించే పెద్దాయన దగ్గు ఎలా ఉంది? రెండు వారాలు దాటిన దగ్గును ఊరికే వదలకూడదు, ఎక్స్‌రే తీయించమనండి. సాస్తి నుంచి ఆరాధనకు వచ్చే కుటుంబాలన్నీ క్షేమమేనా? బండి మీద పిల్లల్ని తెచ్చేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టండి, ఆ బొగ్గు దుమ్ము మంచిది కాదు. గోండ్‌పిప్రిలో మంచం పట్టిన మా చెల్లెలిని నేనే రోజూ ఫోనులో అడుగుతున్నాను. తింటున్నానంటుంది. నేను నమ్మను.

ఇలా వరుసగా ఒక్కొక్కరినీ అడుగుతూ మా తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నాను. పోయిన నెల మా తమ్ముడు చనిపోయాడు. ఊపిరి ఎలా ఆడుతోందని వాణ్ని ఇక అడిగే పని లేదు.

వాడి గురించి నాలుగు మాటలు రాసిమ్మని పాస్టరమ్మగారు అడిగారు. నేను మూడో తరగతి దాకా, అదీ మరాఠీ బడిలో చదివాను. తెలుగు అక్షరాలు ఆదివారం బడిలో నేర్చుకున్నవే. తప్పులుంటే ఆవిడే దిద్దుతారు. తెలుగు చదవడం రాని పిల్లలకు పెద్దవాళ్ళు చదివి వినిపించండి. మంచి మాటలే రాయాలని కూర్చున్నాను. కానీ వాణ్ని తలుచుకుంటే ముందు కోపమే వస్తోంది. ఏం చేయను.

ఆ కోపమంతా కారు దగ్గరే మొదలైంది. సాస్తి గనిలో వాడు ముప్పై ఏళ్ళు డంపర్ నడిపాడు. రోజూ కళ్ళు, పళ్ళు తప్ప ఏమీ కనిపించకుండా బొగ్గు పూసుకొని ఇంటికి వచ్చేవాడు. స్నానం చేసి రమ్మంటే రెండు చెంబులు పోసుకొని వచ్చి కూర్చునేవాడని మా మరదలు ఇప్పటికీ చెప్తుంది. అలాంటివాడు రిటైరయ్యాక కారు కొన్నాడు. కొన్నవాడు తెల్లది కొనొచ్చు, బూడిదరంగుది కొనొచ్చు. రాత్రి పడుకొని పొద్దున లేచేలోపు వాకిలి నిండా బొగ్గుపొడి పడే ఊళ్ళో నల్లకారు కొన్నాడు. మళ్ళీ ఆ బొగ్గుపొడి కారు మీద చిటికెడు పడితే ఓర్చుకోలేకపోయేవాడు.

"ఎందుకురా నల్లది?" అని అడిగితే, "తెల్లకారు మురికిని చూపిస్తది. నల్లకారు తుడిచినోని చేతిని చూపిస్తది" అన్నాడు. ఇదేదో పెద్ద గొప్ప అన్నట్టు.

కారుకు ప్రార్థన చేయించిన రోజు మీలో చాలామంది ఉన్నారు. పెద్దలందరూ బానెట్ మీద చేతులుంచడానికి వచ్చారు. వీడు అడ్డంగా నిలబడ్డాడు.

"ఉంగరాలు తీయుండ్రి. గాజులు గూడ. గడియారాలు జేబుల పెట్టుకోండ్రి."

"కారుకు ప్రార్థన చేయాల్నా, ఆపరేషన్ చేయాల్నా తమ్మీ?" అని డోలక్ పెద్దాయన అడిగాడు.

"చేతులు పైకి పట్టుకున్నా ప్రార్థన పనిచేస్తది కాకా. జానెడు పైకి పట్టుండ్రి."

పాస్టరయ్యగారు బొటనవేలు నూనెలో ముంచి వంగబోతే, "అయ్యగారూ, అద్దం మీద పెట్టుండ్రి. అద్దం గట్టిది" అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమెన్ అనేదాకా మా చేతులు గాల్లోనే ఉన్నాయి. నా చేతులు ఎప్పుడూ కొంచెం వణుకుతాయి కదా, వాడు ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి నా వేళ్ళనే చూశాడు.

ఇక కడగడం. దాని కంటే పెళ్ళిపనులు నయం. ఎండలో కడగకూడదు, నీళ్ళు ఆరి మచ్చలు పడతాయి. ముందు గుడ్డ పెట్టకూడదు, పైనుంచి పైపుతో నీళ్ళు పోస్తూనే ఉండాలి. "నీళ్ళు తోసేదాన్ని గుడ్డతో తోయొద్దు" అనేవాడు. తరువాత రెండు బకెట్లు. ఒకదానిలో షాంపూ నీళ్ళు, ఇంకోదానిలో మంచినీళ్ళు. మెత్తటి గుడ్డతో ఒక తలుపు కడగగానే మంచినీళ్ళ బకెట్లో జాడించి, తరువాతే షాంపూ బకెట్లో ముంచాలి. ఆ మంచినీళ్ళ బకెట్ అడుగున జల్లెడ ఉండేది, ఇసుక కిందికి దిగి మళ్ళీ గుడ్డకు అంటకుండా. ఆ జల్లెడ ఎవరిదనుకున్నారు? నాది. నేను రవ్వ జల్లించుకునే జల్లెడ. అడగకుండా పట్టుకుపోయాడు. పైనుంచి కిందికే రావాలి, కింది భాగానికి వేరే గుడ్డ. గుండ్రంగా తిప్పకూడదు, తిన్నగా లాగాలి. గుడ్డ నేల మీద పడిందా, ఆ రోజుకు అది కారును ముట్టుకోకూడదు. తుడవడం కూడా రుద్దడం కాదు. తువ్వాలు పరిచి అద్దాలి, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు అద్దినట్టు. మాకు జ్వరం వస్తే వాడు అంత ఓపికగా అద్దాడా అంటే నాకు గుర్తు లేదు.

దుమ్ము పడకుండా ఉంటుంది కదా అని నేను పాత చీరలు కలిపి కారుకు ముసుగు కుట్టాను. పదిహేను రోజులు కుట్టాను, కళ్ళు పోయాయి. వాడు ముసుగు చూసి మెచ్చుకున్నాడు, మడిచి పక్కన పెట్టాడు.

"కప్పవా?"

"కప్పొద్దక్కా. దుమ్ము మీద ముసుగేస్తే గాలి వచ్చినప్పుడల్లా గుడ్డ కదులుతది. ఊరి గాలి రాత్రంతా నా కారును రుద్దినట్టయితది."

ఆ ముసుగు ఇప్పుడు మా మరదలి బియ్యం డబ్బాల మీద ఉంది.

అయినా వాడి చేతికి అంత మెత్తదనం వచ్చింది కారు వల్లేనేమో. నా కంటికి ఆపరేషన్ అయ్యాక కొత్త కళ్ళద్దాలు ఇచ్చారు. నేను వాటిని కొంగుతో తుడుచుకుంటుంటే చేతిలోంచి తీసుకున్నాడు. నీళ్ళ కింద పట్టి, కారు కోసం కొత్తగా తెచ్చిన గుడ్డ పొట్లం విప్పి, అందులోంచి ఒకటి తీసి అద్దాడు. వారం వారం వచ్చి అలా చేసి వెళ్ళేవాడు. నాకు రాదని కాదు. "నీకు తొందరెక్కువ. తొందర చేతికి గీతలెక్కువ" అనేవాడు. ఆ గుడ్డ నా దగ్గరే ఉంది. దాన్ని కారుకు ఒక్కసారి కూడా వాడలేదు.

ఇప్పుడు ఒట్టు సంగతి. చాలామందికి సగమే తెలుసు, మిగతా సగం కల్పించుకున్నారు. నేను సరిగ్గా చెప్తాను.

రెండేళ్ళ కిందటి ఈస్టర్ పొద్దున నేను తెల్లచీర కట్టుకొని వాడి ఇంటికి వెళ్ళాను. వాడు లోపల తయారవుతున్నాడు. కారు తలుపు మీద రాత్రి పడిన బొగ్గుపొడి. చీరకు అంటుకుంటుందేమోనని భయం. ఆ కొంగుతోనే తలుపంతా తుడిచాను, గుండ్రంగా, మెరిసేదాకా. చీర ఎలాగూ నల్లబడింది, అది వేరే సంగతి. నీడలో ఏమీ కనిపించలేదు. చర్చి ముందు ఎండలో దిగేసరికి తలుపు మీద సాలెగూడు అల్లినట్టు సన్నటి గుండ్రటి గీతలు. వాడు వాటిని చూశాడు. నన్ను చూశాడు. మీ అందరి ముందు, "అక్కా, అవి చేతులా, గిన్నెలు తోమే పీచా?" అన్నాడు.

మీరు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

"నీ కారు మళ్ళ ఎక్కితే ఒట్టు" అన్నాను.

పాస్టరయ్యగారు, "ఒట్టు పెట్టుకోవద్దమ్మా" అన్నారు. "పెట్టుకున్నది తీయలేనయ్యా, కొత్తది పెట్టుకోను" అన్నాను.

సాయంత్రం వాడు మామిడిపళ్ళు తెచ్చి, గడప మీద కూర్చున్నాడు. "పాలిష్ పెడితే పోతయి గానీ, పాలిష్ అంటే పైపొర ఇంత గీకుడే. ఎన్నిసార్లని గీకుతం? ముందే పడకుండ చూసుకోవాలె" అన్నాడు. కారు గురించే చెప్పాడు. వాడెప్పుడూ కారు గురించే చెప్పేవాడు. నేను పళ్ళు తీసుకున్నాను, మాట తీసుకోలేదు.

అప్పటినుంచి రెండు వానాకాలాలు గడిచాయి. ఆదివారం నేను నడిచి వస్తుంటే, వాడు నా పక్కనే కారును చీమలా నడిపేవాడు. బాబుపేట్ రోడ్డు మీద ఈ తమాషా చూడనివాళ్ళు లేరు.

"ఎక్కు అక్కా. మోకాళ్ళు అరుగుతయి."

"అరగనియ్యి. నీ కారు అరగకుంటే చాలు."

"దాని మీది పొర మెత్తగుంటదే. పొడి దుమ్ము మీద గుడ్డ పెట్టి తోస్తే రవ్వ రవ్వ ఒక గోరు. ఎన్నిసార్లు చెప్పాలె?"

"నాకెందుకు చెప్తవు? నేను ముట్టుకుంటున్ననా?"

వెనక లారీవాడు, "ఓ కాకా, గాడీ బాజూలా ఘ్యా!" అని హారన్ కొట్టేవాడు. వీడు పక్కకు తీసేవాడు కాదు. పక్కన నేనున్నాను కదా.

కంటి డాక్టరు దగ్గరికి ఆటోలో వెళ్తే, ఆటో వెనకే కారులో వచ్చేవాడు. ఆటోవాడు ఎలా తోలుతాడోనని. ఖాళీ కారు నడుపుకుంటూ ఆటో వెనక రావడం ఏమిటని డాక్టరు దగ్గర తిట్టాను. "నువ్వు ఒట్టు పెట్టుకున్నవ్. నేను పెట్టుకోలే" అన్నాడు.

ఛాతీ మంచిది కాదు, బకెట్లు ఎత్తొద్దని వాడికి డాక్టర్లు చెప్పారు. నేను రోజూ చెప్పాను. సగం సగం నింపుకొని రెండింతలు తిరిగాడు. "వేరేవాళ్ళతో కడిగించురా" అంటే, "వాళ్ళు ఒకే గుడ్డతో టైరూ తుడుస్తరు, బానెటూ తుడుస్తరు" అన్నాడు. వినేవాడైతే నేను ఈ రాత రాసేదాన్నా?

పోయిన నెల ఒక పొద్దున కారు కడుగుతూ కడుగుతూ వాడు పైపు పక్కన పడేసి, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడట. మా మరదలు అరిచిన అరుపుకు నేను పరిగెత్తాను. పక్కింటాయన తాళాలు తీసుకొని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. వెనక సీట్లో మా మరదలి ఒడిలో వాడి తల. ముందు సీటు ఖాళీ, తలుపు తెరిచి ఉంది. కారు ఇంకా తడిగానే ఉంది.

"వదినా, ఎక్కు!" అంది మా మరదలు.

కాలు ముందుకు వేశాను. వెనక్కి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో రాయడం నాకు చేతకావడం లేదు. రెండేళ్ళ మొండితనం కాలికి అలవాటైపోయింది. "మీరు పోండ్రి, నేను ఆటోల వస్త" అన్నాను. వాడు కిటికీలోంచి నన్నే చూస్తున్నాడు.

ఆటో బొగ్గు లారీల వరుస వెనక ఇరుక్కుంది. నేను చేరేసరికి వాడి ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. దాన్ని కొంచెం పైకి ఎత్తాడు.

"ఆటోలనే వచ్చినవా?"

"ఆ."

"మొండిదానివే అక్కా."

కళ్ళతో నవ్వాడు. నర్సు మాట్లాడనివ్వలేదు. సాయంత్రానికి పోయాడు. వాడితో నేను చివరగా అన్న మాట ఆ 'ఆ' ఒక్కటే.

సమాధికి తీసుకెళ్ళే రోజు ఎవరో పూల చక్రం తెచ్చి కారు బానెట్ మీద ఆనించారు. అడుగున ఇనుప తీగ. "తీయుండ్రి, గీతలు పడతయి!" అని నేను అరిచాను. ఏడుస్తున్నవాళ్ళందరూ తిరిగి చూశారు. పిచ్చిదనుకున్నారు. అనుకోనివ్వండి.

గోండ్‌పిప్రి చెల్లెలు ఆ రోజు రాలేకపోయింది. ఆమె ఆ కారును అసలు చూడనే లేదు. అడవి దారిలో రెండు వైపులా కొమ్మలు గీస్తాయని, ఇంటి ముందు కారు పెట్టుకొని, వీడు చెల్లెలి దగ్గరికి బస్సులో వెళ్ళేవాడు! ఇప్పుడు దానిది ఫోనులో ఒకటే మాట. "అక్కా, ఒక్కసారి వాని కార్ల రా. వాడు ఇన్నేండ్లు చెప్పిన కారు, నేను సచ్చేలోపల చూడాలె."

ఒట్టు మీ అందరి ముందు పెట్టుకున్నాను. అందుకే మీ అందరి ముందే చెప్తున్నాను. దాన్ని నేను తప్పుతున్నాను. ఆ రోజే తప్పి ఉండాల్సింది. ఇంట్లో ఎవరితోనైనా చిన్న మాటకు పెద్ద ఒట్టు పెట్టుకున్నవాళ్ళుంటే, ఆటోలో వెళ్ళకండి.

మొన్న తమ్ముడి కూతురు, నేను కలిసి కారు కడిగాం. నెల రోజుల బొగ్గు. అది గుడ్డ పట్టుకొని ముందుకు రాగానే అరిచాను.

"నీళ్ళు! ముందు నీళ్ళు పొయ్యి! గుండ్రంగ తిప్పకు. కింద పడ్డ గుడ్డ తీసుకుంటవేందే, వదిలెయ్!"

"అచ్చం నాన్న లెక్కనే మొత్తుకుంటున్నవ్ అత్తా."

"మొత్తుకోకుంటే వింటరా మీరు?"

కడిగాక అది నడిపి చూస్తానని లోపల కూర్చుంది. దాని కాళ్ళు బ్రేకుకు అందలేదు. ఆస్పత్రికి నడిపిన పక్కింటాయన కూడా మా తమ్ముడంత పొడుగే, సీటు కదిలించలేదు. ఇది కింద చేయి పెట్టి సీటును ముందుకు లాగబోయింది.

"ఆగు" అన్నాను.

"ముందుకు జరపకుంటే ఎట్ల నడపాలె అత్తా?"

"పొయ్యే రోజు జరుపుదువు."

అది చేయి తీసి దిగింది. ఆ సీటు ఇప్పటికీ మా తమ్ముడి కాళ్ళ పొడవుకే వెనక్కి ఉంది. వచ్చే నెల రెండో శనివారం, పొద్దున ఆరింటికి, దాన్ని జరుపుకొని గోండ్‌పిప్రికి బయల్దేరుతున్నాం.