రుక్కమ్మ కుడికాలు

శంషాబాద్‌లో విమానాలు దిగే దారి కిందనే రుక్కమ్మ ఇల్లు. చామంతులు కొని తెచ్చి దండలు కట్టి అమ్ముతుంది. అయితే ఆమెకు పేరు తెచ్చింది దండలు కావు, ఆరాలు. ఎవరింటికి కొత్త బీరువా వచ్చింది, ఎవరి కోడలు పుట్టింటి నుంచి ముందే ఎందుకు తిరిగొచ్చింది, నిన్న అటు నుంచి దిగిన విమానాలు ఇవాళ ఇటు నుంచి ఎందుకు దిగుతున్నాయి, అన్నీ ఆమెకు కావాలి. వాడకట్టంతా సీఐడీ రుక్కమ్మ అంటారు. ఆ పేరు చెవిన పడితే కోపం నటిస్తుంది గానీ లోపల సంతోషమే.

అలాంటి రుక్కమ్మకు ఒక పొద్దున గచ్చు మీద నెత్తురు మరక కనిపించింది. గడప దగ్గర ఇంకొకటి. వంటింటి వైపు మరొకటి. ఇక ఊరుకుంటుందా!

"ఎవలకు తాకిందే దెబ్బ?" అని కోడలు సునీతను అడిగింది.

"నాకైతే తాకలే అత్తమ్మా."

నమ్మేస్తే ఆమె రుక్కమ్మ ఎందుకవుతుంది? కోడలి అరికాళ్లు రెండూ చూసింది. మంచం మీద చాయ్ తాగుతున్న పెనిమిటి బుచ్చయ్యను కాళ్లెత్తమంది.

"గడ్డం గీస్కుంటుంటే జర తెగింది. గా నెత్తురు ఎగిరి గడప కాడ పడ్డదా ఏంది?" అని ఆయన విసుక్కున్నాడు. పక్కింటి పిల్లిని కూడా ఒడిసిపట్టుకుంది. అది రుక్కమ్మ చెయ్యి గీరి పోయింది తప్ప దానికి ఏ దెబ్బా లేదు.

ఇక మిగిలింది తన కాలు. ఎడమకాలు.

ఆ కాలికి బోదవ్యాధి వచ్చేనాటికి రుక్కమ్మ ఇంకా పడుచు. నాట్లకు పోయే రోజుల్లో చలిజ్వరం వచ్చింది, గజ్జల్లో బిళ్ల కట్టింది. జ్వరం పోయింది, వాపు ఉండిపోయింది. చీరె కిందికి దించి కట్టడం, పెళ్లిళ్లలో వెనక వరసలో కూర్చోవడం అప్పుడే అలవాటయ్యాయి. చాలా ఏళ్లకు సర్కారు దవాఖాన నర్సు కళ్యాణి వచ్చి నీలం టబ్బు, మగ్గు, తువ్వాలు ఇచ్చి, కాలు ఎలా కడుక్కోవాలో నేర్పింది. అప్పటి నుంచి రుక్కమ్మ ఆ కాలికి చేసే సేవ చూసి తీరాలి! చంటిపిల్లకు పోసినట్టు నీళ్లు పోస్తుంది. వేళ్ల సందులు తడి లేకుండా తుడుస్తుంది. మడతల్లో పుండేమైనా పడిందేమోనని అద్దం పట్టుకుని చూస్తుంది. దండలు కట్టేటప్పుడు దాన్ని దిండు మీద పెట్టుకుంటుంది.

కుడికాలికి మాత్రం ఆ టబ్బు గానీ తువ్వాలు గానీ తగలనివ్వదు. ఆ నీళ్లు తాకితే రోగం మంచి కాలికి పాకుతుందని ఆమె భయం. ఎవరూ చెప్పలేదు, తనే అనుకుంది, తనే నమ్మింది. ఊరందరినీ ప్రశ్నలతో చంపే మనిషి ఈ ఒక్క ప్రశ్న ఎవరినీ అడగలేదు. ఉన్న ఒక్క మంచి కాలూ పోతుందని ఎవరైనా అంటే వినే ధైర్యం ఆమెకు లేదు.

ఒంట్లో ఏం తేడా వచ్చినా నేరం ఎడమకాలిదే. కడవెడు నీళ్లు తాగినా దాహం తీరకపోతే, "గింత బరువు మోస్తే దూప గాదా?" అనేది. కుడి పాదం తిమ్మిరెక్కితే, పాపం ఒంటరిగా మోస్తోంది కదా అనుకునేది. షుగర్ పరీక్షకు రమ్మని కళ్యాణి ఎన్నిసార్లు పిలిచినా ఒకటే జవాబు: "నాది కాలు రోగం బిడ్డా, చక్కెర రోగం గాదు." మనిషికి ఒక్క రోగమే ఇస్తారని ఎవరు చెప్పారో మరి!

ఆ పొద్దున కూడా ఎడమకాలిని అద్దంలో తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా గీత లేదు. "నా కాలు మంచిగనే ఉన్నది. మరి ఎవలదే నెత్తురు?" అంటూ లేచి నాలుగడుగులు వేసింది. ఆమె వెనకాలే గచ్చు మీద కొత్త మరక పడింది.

సునీత చూసింది. "అత్తమ్మా, కదలకు. నీ కుడికాలు చూపెట్టు."

"అది మంచి కాలే. దానికేమైతది?"

"చూపెట్టు అంటున్న గదా!"

బొటనవేలి కింద పుండు. అంచులు తెల్లగా నాని ఉన్నాయి. సునీత గుమ్మం బయటికెళ్లి అత్త చెప్పు తీసుకొచ్చింది. అరిగిన అడుగులోంచి తుమ్మముల్లు పైకి పొడుచుకొచ్చి ఉంది. "గిట్లనే తొడుక్కొని తిరుగుతున్నవా?" అంటూ చెప్పును అత్త ముందు పెట్టింది.

రుక్కమ్మ పుండును వేలితో నొక్కి చూసింది. ఇంకా గట్టిగా నొక్కింది. "నొప్పెందుకు లేస్తలేదే?" అంది. ఆమె జీవితంలో జవాబు వద్దనుకుంటూ అడిగిన మొదటి ప్రశ్న అదే.

దవాఖానలో చూస్తే షుగర్ హద్దు మీరి ఉంది. చాలా ఏళ్లుగా ఉండి ఉంటుందని, అందుకే పాదానికి స్పర్శ పోయిందని డాక్టర్ పూర్ణిమ చెప్పింది. ఆమెది కోస్తా మాట, మెత్తగా ఉంటుంది.

"కాలు దక్కుతదా అమ్మా?"

"వేలు తీయాల్సి రావచ్చండీ. కాలు నిలబెట్టడానికే మా ప్రయత్నం."

ఇక రుక్కమ్మ, "బోదకాలు కడిగిన నీళ్లు తాకితే మంచి కాలికి అంటదా?" అని అడిగేసింది.

"లేదండీ, అది దోమ కాటు వల్ల వచ్చేది. నీళ్లతో అంటుకోదు. రెండు కాళ్లూ శుభ్రంగా కడుక్కోవాల్సింది."

అప్పుడు ఏడ్చింది రుక్కమ్మ. వేలు పోతుందని ఏడుస్తోందనుకుని సునీత ఓదార్చింది. ఆమె ఏడుపు వేలి కోసం కాదు. పాకుతుందన్న భయంతో దూరం పెట్టి, ఆ కాలిని తనే చేతులారా పాడు చేసుకుంది.

వేలు పోయింది. కాలు దక్కింది. పుండు మానాక డాక్టర్ మెత్తటి చెప్పులు కుట్టించుకోమంటే, సునీతను తోడు తీసుకుని బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే దశరథం దగ్గరికి వెళ్లింది. ఇన్నేళ్లుగా ఎడమ చెప్పు ఆయన కొలత తీసి కుట్టడం, కుడికి పాత చెప్పుల కుప్పలోంచి ఏదో ఒకటి ఇవ్వడం మామూలు. అలవాటు ప్రకారం ఎడమ పాదం కిందికి అట్టముక్క జరిపాడు. రుక్కమ్మ దాని మీద కుడికాలు పెట్టింది.

"గది మంచి కాలే గదా అక్కా?"

"మంచిదే అన్నా. మంచిదని ఇన్నేండ్లు దాని మొకమే చూడలే నేను."

దశరథం వేలు లేని చోట ఆగి, పెన్సిలుతో పాదం చుట్టూ నెమ్మదిగా గీత గీశాడు. రుక్కమ్మ చూపు ఈలోగా ఆయన కాళ్ల మీదికి పోయింది.

"షుగర్ ఉన్నదా నీకు?"

"ఏమో అక్కా, తెల్వది."

"ఏదీ, కాళ్లు చాపు. రెండూ చూపెట్టు."