మేస్త్రి బిగించని నట్టు

మా వీధి చివర సైకిళ్ల దుకాణం నడిపే ఆయన్ని అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. మూడో తరగతితో బడి మానేశాడు. చక్రం చువ్వల్ని వేలితో ఒక్కొక్కటిగా మీటి, ఏది వదులైందో కళ్లు మూసుకుని చెబుతాడు. పనిని ఎవరైనా పొగిడితే, "తొక్కి చూసి చెప్పు" అని ముఖం తిప్పుకుంటాడు.

ఆయనకో పద్ధతి ఉంది. కొత్త బ్రేకు తీగ మొదట్లో కొంచెం సాగుతుంది. అందుకని సాయంత్రం తీగను పట్టి ఉంచే నట్టు బిగించి, దానికి చిన్న ఎర్ర దారం ముక్క కడతాడు. పొద్దున్న మళ్లీ బిగించాక ఆ దారాన్ని తెంపి చొక్కా జేబులో వేసుకుంటాడు. దారం ఉన్న సైకిలు ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా గడప దాటలేదు.

ఆయన అక్క కొడుకు జీతం మీద పందాలు తొక్కే సైకిలిస్టు. అభిమానులు పెట్టుకున్న పేరు డేగ. ఆ ఏటి పెద్ద పందేనికి తొమ్మిది రోజుల ముందు పడడంతో, ఎడమ భుజం ఎముక చిట్లింది. డాక్టరు వద్దన్నాడు, తల్లి వద్దంది. వింటేగా!

"కాళ్లు బాగానే ఉన్నాయి కదా మావయ్యా. ఎడమ చేత్తో బ్రేకు పట్టలేను, అంతే. ఏదో ఒకటి చెయ్యి."

జట్టుకు వేరే మెకానిక్కులు ఉన్నా, బ్రేకుల పని మావయ్యే చెయ్యాలని వాడి పట్టు. ముందూ వెనకా బ్రేకుల తీగలు రెండూ కుడిచేతి లివర్‌కే కలిపాడు మేస్త్రి. మూడుసార్లు విప్పి, నాలుగోసారికి కుదిర్చాడు. నట్లు బిగించి, రెండింటికీ దారాలు కట్టి పడుకున్నాడు.

పందెం రోజు తెల్లారేసరికి దుకాణం నిండా అభిమానులు. అందరికీ పెద్ద, ఎదురింటి టైలర్. తానే కుట్టుకున్న డేగ బొమ్మ టోపీ ఆయన నెత్తిమీద ఉంది.

"మేస్త్రీ, ఒక్క ఫొటో! సైకిలు కాస్త ఇటు తిప్పు!"

"పనుంది, జరుగు."

"పని ఎప్పుడూ ఉంటుందయ్యా. చరిత్రలో నీ మొహం కూడా పడాలా వద్దా?"

అప్పుడే వెనక నట్టు బిగించిన మేస్త్రిని రెండు జబ్బలూ పట్టి లేపి నిలబెట్టారు. ఫొటోలు తీస్తుండగానే జట్టు వ్యాను వచ్చి సైకిలు ఎక్కించుకుపోయింది.

పందెం చివర ఆరు కిలోమీటర్లు కొండ మీంచి దిగుడు. పదకొండు మలుపులు. గెలుపు గీత దగ్గర తాడు అవతల అక్క పక్కన నిలబడ్డాడు మేస్త్రి. కొండ మీదికి ముందుగా చేరింది ఇద్దరేనని, వాళ్లలో డేగ ఒకడని మైకులో చెప్పారు. జనం గోల. చెమట తుడుచుకుందామని మేస్త్రి జేబులోంచి గుడ్డ లాగాడు. దాంతోపాటు ఎర్ర దారం ముక్క ఒకటి అరచేతిలో పడింది.

జేబు తడిమాడు. తిరగేసి దులిపాడు. ఒక్కటే. బిగించాల్సిన నట్లు రెండు.

తాడు పట్టుకున్న కుర్రాళ్ల దగ్గరికి తోసుకుంటూ వెళ్లాడు.

"బాబూ, పైకి కబురు పంపాలి. డేగ సైకిలు ముందు బ్రేకు..."

"డేగేగా! వస్తున్నాడు, వస్తున్నాడు! తాడు దాటకు పెద్దాయనా!"

వెనక్కి వచ్చాడు. అక్క చూసింది. "మొహం అలా పాలిపోయిందేంట్రా?"

"ఎండక్కా."

ఆయన అక్కతో అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

మైకు అరుస్తోంది. "మూడో మలుపు! డేగ వేగం తగ్గించడమే లేదు! అవతలివాడు వెనకపడ్డాడు!"

పక్కనే ఉన్న టైలర్ గాల్లోకి ఎగిరాడు. "చూశావా మేస్త్రీ! వాడికి భయమన్నది ఇంటా వంటా లేదయ్యా!"

వాడి ఇంటివాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. మేస్త్రి మలుపులు లెక్కపెడుతున్నాడు. ఏడు. ఎనిమిది. తొమ్మిదో మలుపు దగ్గర మైకు ఒక్క క్షణం ఆగింది.

"పడబోయి తమాయించుకున్నాడు!"

డేగ ఒక్కడే వచ్చాడు. గీత దాటినా సైకిలు ఆగలేదు. కాలు నేలకు రాస్తూ పోయి, అడ్డంగా పేర్చిన గడ్డిమోపులకు గుద్దుకున్నాడు. జనం తాళ్లు తెంచుకుని మీద పడ్డారు, భుజాల మీదికి ఎత్తబోయారు. "ఎముకరా! వాడి ఎముకరా!" అని తల్లి గొంతు చించుకుంది.

మేస్త్రి సైకిలు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందు నట్టుకు దారం అలాగే ఉంది. తీగ వేలెడు జారింది. లివర్ నొక్కితే ముందు బ్రేకు చక్రాన్ని తాకనే లేదు.

మేనల్లుడు ఆయన చెవి దగ్గర వంగాడు. "రెండో మలుపులో పోయింది మావయ్యా. వెనకది ఒక్కటే కొంచెం పట్టింది. అమ్మకి చెప్పకు."

మేస్త్రి లేచాడు. "అక్కా, ముందు నట్టు నేను బిగించలేదు. వీడు ధైర్యంతో కాదు, బ్రేకు లేక అలా వచ్చాడు. చచ్చిపోయేవాడు."

టైలర్ పడీపడీ నవ్వాడు. "అయితే ఈ గెలుపు నీదే మేస్త్రీ! వచ్చే పందేనికి నట్లన్నీ వదులుగానే పెట్టు!"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. అక్క నవ్వలేదు.

"ఎందుకు బిగించలేదు?"

"ఫొటో అన్నారు. లేచాను."

ఆమె తమ్ముణ్ని తిట్టలేదు. టైలర్ టోపీ వైపు మాత్రం చాలాసేపు చూసింది.

భుజం అతుక్కున్నాక డేగ మళ్లీ తొక్కుతున్నాడు. పందెం రోజు పొద్దున్న మేస్త్రి దుకాణం తలుపు సగమే తెరిచి ఉంటుంది. ఆ సగానికి అడ్డంగా స్టూలు వేసుకుని అక్క కూర్చుంటుంది. గెలిచినవాడి తల్లికి ఎంత పొగరో అని అభిమానులు గొణుక్కుంటారు.

మొన్న కూడా టైలర్ వచ్చాడు. "ఒక్క ఫొటో అక్కా. ఒక్క నిమిషం."

"తమ్ముడు చేతులు కడుక్కున్నాక రా."

"ఎంతసేపు పడుతుంది?"

"నాకేం తెలుసు? లోపల పని జరుగుతోంది."