పొయ్యికి నేను చూపించిన మూల

ఇంటర్ తర్వాత నన్ను చదివించింది పెనుబల్లి దగ్గరి ఒక చిన్న గ్రంథాలయం. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు సరికదా, కొంచెం గర్వం కూడా. తలుపు తీసే వేళకు మెట్ల మీద కూర్చుని ఉండేదాన్ని. చరిత్ర, చట్టం, నక్షత్రాలు, కోళ్ల పెంపకం, ఏది చేతికందితే అది చదివాను. కాలేజీకి వెళ్లినవాళ్లకు ఒక సబ్జెక్టే ఉంటుంది, నాకు బీరువా మొత్తం ఉంది అనుకునేదాన్ని.

ఆ చదువే నాకు ఒక ఉద్యోగం తెచ్చింది. అడవి పల్లెల్లో పిల్లల కోసం చదువు గదులు నడిపే ఒక చిన్న సంస్థకు, చండ్రుగొండ దాటి లోపలికి వెళితే వచ్చే ఒక ఊళ్లో గది చూసుకునే మనిషి కావలసి వచ్చింది. అక్కడే ఉండాలి. చేరే ముందు ఒకసారి ఊరు చూసి రమ్మన్నారు. అప్పటికి మామిడి పూత కొంచెం రాలి, పిందె పడుతోంది.

ఊరి పెద్దాయన కోడలు గది తలుపు తీసింది. రేకుల కప్పు, కొత్తగా అలికిన నేల.

"ఉంటరా మేడం, ఒక పూట జూసి పోతరా?"

"ఉంటాను."

"మరి పొయ్యి యాడ పెట్టుకుంటరు?"

గ్యాసు సిలిండరు తెచ్చుకోవచ్చులే అనుకుంటూనే, "ఇదిగో, ఈ మూల" అని వేలు చూపించాను. నా దృష్టిలో అది గది కిరాయికి తీసుకునేవాళ్లు మాట్లాడుకునే మాట. ఆమె బయటికెళ్లి మామతో వాళ్ల భాషలో ఏదో చెప్పింది. ఆయన నన్ను చూసి మెల్లగా తల ఊపాడు. నేను నవ్వి బస్సెక్కాను. సంస్థకు ఫోన్ చేసి చేరతానన్నాను.

కొద్ది వారాలకే ఖమ్మంలోని ఒక ప్రైవేటు కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన అప్లికేషన్. లైబ్రరీలో సహాయకురాలి పని. ఇంటర్వ్యూ అయ్యాక లైబ్రరీ చూపించారు. మూడు అంతస్తులు. నేను పేరు కూడా వినని శాస్త్రాలకు వరసలకు వరసలే ఉన్నాయి. కిటికీలోంచి పడ్డ ఎండలో పుస్తకాల వీపులు మెరుస్తుంటే, గుడిలోకి చెప్పులతో వచ్చేశానేమో అన్నట్టు కాళ్లు చూసుకున్నాను. జీతం కూడా దాదాపు రెట్టింపు. అక్కడికక్కడే ఒప్పుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ చేస్తున్న పని ఆపింది.

"ఆ ఊరోళ్లకి ఉంటానని చెప్పొచ్చావు కదే?"

"సంస్థకు ఫోన్ చేస్తాలే అమ్మా. చేరకముందు మానుకుంటే తప్పేం లేదు. పుస్తకంలో ఉంది."

"నీ పుస్తకంలో లేందేముంది తల్లీ, అన్నం వండటం తప్ప."

సంస్థాయన ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. "పర్లేదండీ, ఇట్లా జరుగుతుంటది, వేరేవాళ్లను చూస్కుంటం" అన్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

సోమవారం కాలేజీలో చేరాలనగా ఆ ముందు వారం ఊరి పెద్ద కోడలు ఫోన్ చేసింది.

"ఏంది మేడం, ఎప్పుడొస్తరు? కాయలన్నీ రాలవట్టె."

"ఏ కాయలు?"

"మామిడికాయలు. కొత్త పండుగ జేయాలె గద. అందరి పొయ్యిలున్నయ్, మీదొక్కటే ఆగింది. జల్దీ రాండ్రి. మీరొచ్చేదాక ఎవ్వలం ముట్టం."

కొత్త పంట వచ్చినప్పుడు పండుగ చేయకుండా నోట పెట్టని ఊళ్లున్నాయని నేను చదివాను. చదవనిది ఒకటి ఆమె చెబితేనే తెలిసింది. ఆ ఊళ్లో పండక్కి లెక్క మనుషులు కాదు, పొయ్యిలు. ప్రతి పొయ్యి నుంచీ పిడికెడు అన్నం ఊరి కుండలో పడాలి. ఒక్కటి తక్కువైనా పండుగ కదలదు. వేలు చూపించిన రోజే నేను వాళ్లకు ఒక పొయ్యినయ్యాను. రానని సంస్థకు చెప్పాను గాని, సంస్థాయన వేరే మనిషి దొరికాక చెబుదామని ఊరుకున్నాడట. పక్క ఊళ్లవాళ్లు ఉప్పూ కారం అద్దుకుని తింటుంటే ఈ ఊరు ఊరంతా నా కోసం నోరు కట్టుకుని కూర్చుంది.

ఫోన్లో చెప్పేయొచ్చు. వస్తున్నానని మాత్రం అన్నాను. మర్నాడే బయల్దేరాను. దారి పొడుగునా ఒకటే భయం: ఉంటానన్నావు కదా, ఉండు అని వాళ్లంటే ఏం చెప్పాలి? ఆ మూడంతస్తులు వదులుకోగలనా? వదులుకోనంటే వాళ్ల పండుగ ఏమవుతుంది?

ఊరి మొదట్లోనే చెట్ల కింద కాయలు రాలి పడున్నాయి. చిలకలు కొట్టినవి ఉన్నాయి, చీమలు పట్టినవి ఉన్నాయి. మనిషి పన్ను పడ్డది ఒక్కటి లేదు. పిల్లలు వాటి పక్కనుంచే పరిగెత్తుతున్నారు. నిషేధాల గురించి, శిక్షల గురించి ఎన్నో పేజీలు చదివినదాన్ని, కాపలా లేని ఆ కాయల ముందు అలాగే నిలబడిపోయాను.

గది ముందు ఊరి పెద్ద, నలుగురైదుగురు పెద్దలు కూర్చున్నారు. నిలబడే చెప్పేశాను. వేరే పని దొరికింది, ఇక్కడ ఉండలేను అని.

"ఏం పని బిడ్డా గది?" అన్నాడు ఊరి పెద్ద.

"కాలేజీలో పుస్తకాలు చూసుకునే పని, తాతా."

"పుస్తకాలు కాసుడా? ఎవలన్న ఎత్కపోతరా ఏంది?"

అందరూ నవ్వారు.

"తీసుకుపోతారు, మళ్లీ తెస్తారు. తేకపోతే అడగాలి."

"అవ్, మంచి పనే. పో మరి."

అంతే. దారంతా కూడబెట్టుకున్న జవాబులు ఒక్కటీ అక్కర్లేకపోయాయి. కోడలు మాత్రం నన్ను గదిలోకి తీసుకెళ్లింది. నేను చూపించిన మూలలో మూడు రాళ్లు. మట్టి మెత్తి, నున్నగా అలికి, ముగ్గు పెట్టి ఉంది. ఎక్కడా మసి లేదు. పక్కన చీల్చి పెట్టిన కట్టెలు.

"వాగుల నుంచి ఏరి తెచ్చిన మేడం. మరి దీన్నేం జేద్దాం?"

"తీసేయండి" అన్నాను తేలిగ్గా.

ఆ మాట బయటికి వినబడింది. ఊరి పెద్ద గడప దాకా వచ్చాడు.

"వెలగని పొయ్యి తియ్యరాదు బిడ్డా. ఆకలితోటి ఉన్నోన్ని ఇంట్లకెల్లి ఎల్లగొట్టినట్టు. ఒక్కపాలి వెలగాలె. నీ పిడికెడు కుండల పడాలె. ఎనక నువ్వే తీసి, యాడి రాయి ఆడ పెట్టాలె. గప్పుడు పోతే పోయినట్టు."

కూర్చుని కట్టెలు పేర్చాను. పొగ వచ్చింది గాని మంట రాలేదు. కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. తలుపు దగ్గర ఆడవాళ్లు గుమిగూడారు.

"పొయ్యి ముట్టిచ్చుడు పుస్తకంల లేదా మేడం?" అంది కోడలు.

"ఉంది. కట్టెలు ఎండినవై ఉండాలని కూడా ఉంది."

"నా కట్టెలకు వంక వెడ్తున్నవా! ఊపిరి గట్టిగ పట్టి ఊదరాదు!"

నవ్వుల మధ్య మంట లేచింది. మూడు రాళ్లూ నల్లబడుతుంటే కోడలు ఇచ్చిన గిన్నెలో ఎసరు పెట్టాను. అన్నం ఉడికాక పిడికెడు తీసుకెళ్లి ఊరి కుండలో వేశాను. వేడికి చెయ్యి చురుక్కుమంది. ఊరి పెద్ద, కోసి పెట్టిన కాయల ముందు కూర్చుని వాళ్ల భాషలో ఒక్కొక్క ఇంటి పొయ్యి పేరూ చెబుతూ పోయాడు. చివర్లో ఒక చోట ఆగి నా వైపు చూశాడు.

కోడలు నా చెవిలో అంది: "గిది మీదే. పుస్తకాలామె పొయ్యి అన్నడు."

ఆ తర్వాత ఊరంతా ఒక్కసారిగా కాయ కొరికింది. అంతమంది పళ్ల కింద పచ్చి మామిడికాయ విరిగిన చప్పుడు ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. పులుపుకు కళ్లు మూసుకుని, తెరిచి, ఒకళ్లనొకళ్లు చూసి నవ్వుకుంటున్నారు. నా చేతిలోనూ ఒక ముక్క ఉంది. నేను లేకపోతే ఈ చప్పుడు పుట్టదని ఇంతమంది నమ్మారు. వెళ్లిపోతానని చెప్పాక కూడా నమ్మారు. అంత పెద్ద మర్యాద నాకు అంతకు ముందు ఎవరూ చేయలేదు.

పొయ్యి చల్లారాక రాళ్లు నేనే పెకలించాను. లోపల ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. కోడలు రెండు పట్టుకోబోతే ఊరి పెద్ద వద్దన్నాడు. ఒక్కొక్కటే మోసుకెళ్లి వాగులో పెట్టాను. నీళ్లు తక్కువగా ఉన్నాయి. మసి కొంచెం కరిగి, సన్నటి నల్లటి తీగలా సాగిపోయింది. నేను తిరిగి వచ్చేసరికి కోడలు ఆ మూల అలికేసింది.

సోమవారం కాలేజీ ఆఫీసులో గుమాస్తా అడిగాడు: "ఇంతకు ముందు ఎక్కడన్నా చేరి మానేసిన్రా?"

"చేరాను. ఒక్క రోజు."

"ఒక్క రోజా? అదేం లెక్కల రాదులెండి" అని నవ్వి, తాళాల గుత్తి తీసుకుని, పై అంతస్తు చూపిస్తా రమ్మన్నాడు. ఆయన వెనకే మెట్లెక్కాను.