శబరి వరదకు ఆగిన ఆపరేషన్

1946. బస్తర్ ఇంకా సంస్థానంగానే ఉంది. కోంటలో శబరి ఒడ్డున ఉన్న చిన్న దవాఖానాలో నేను నర్సుని. కాన్పులు, మలేరియా, ఎలుగుబంటి గాయాలు, ఇవే మా కేసులు. వెన్ను ఆపరేషన్ సంగతి నేను మొదట విన్నది ముత్తయ్య నోటనే.

ముత్తయ్య కిష్టారం రైతు. రెండేళ్ళుగా నడుం నొప్పి ఎడమ పిక్క దాకా దిగుతోంది. దాన్ని సయాటికా అంటాం. వెన్ను దగ్గర నరం నలిగితే వచ్చే నొప్పి. వేసవిలో విశాఖపట్నం వెళ్తే డిస్క్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ, జారిందన్నారట. ఆపరేషన్ చేయొచ్చు గానీ పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వలేం, ఆలోచించుకుని రమ్మన్నారట. తీరా అతను బయల్దేరేసరికి శబరి పొంగి పడవలు ఆగిపోయాయి. భార్య రాజమ్మ భుజం పట్టుకుని మా వరండా ఎక్కాడు.

"ఎట్లనన్న నది దాటియ్యి సిస్టరమ్మా. కోసినా సరే, సచ్చినా సరే."

"కోసినంక కాళ్ళు పడిపోతే ఏంది మా గతి?" అంది రాజమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

మా డాక్టరుగారు అతన్ని మడమల మీద నడిపించారు. కాలి బొటనవేలు పైకెత్తమని, తన వేలితో కిందికి నొక్కి చూశారు. మూత్రం సరిగా వస్తోందా అని అడిగారు. వెన్నులో నరం బాగా నలిగితే కాలి బలం పోతుంది, మూత్రం ఆగిపోతుంది.

"కాలిలో బలం ఉంది. తొందరేం లేదు. ఇంట్లో ఏం చేస్తున్నావు?"

"మంచం దిగొద్దన్నరు సారూ. ఎండాకాలం సంది పండుకునే ఉన్న."

"అదే నిన్ను ఇంకా కుంగదీసింది. వరద తీసేదాకా ఇక్కడే ఉండు."

వేడి కాపడం, నొప్పి మాత్ర, బోర్లా పడుకుని మోచేతుల మీద లేవడం, వరండాలో కొద్దికొద్దిగా నడక. రోజూ పొద్దున బొటనవేలి బలం చూడటం నా పని. "నొప్పోణ్ణి నడిపిస్తవేంది?" అని తిట్టేవాడు. ఒకరోజు పాదం తెలియడం లేదన్నాడు. డాక్టరుగారి కోసం పరిగెత్తాను. చాలాసేపు కాలు మడిచి కూర్చున్నందుకు పట్టిన తిమ్మిరే అది. కాసేపటికి వదిలింది. ఆ తర్వాత నొప్పి పిక్కను విడిచి తొడకు, తొడ నుంచి నడుముకు వెనక్కి తగ్గుతూ వచ్చింది.

వరద తీసింది. పడవవాడు కేకేశాడు. ముత్తయ్య ఒడ్డున గొంతుక్కూర్చుని మొహం కడుక్కుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచాడు.

"పోవాల్నా సారూ?"

"ఓర్చుకోగలవా?"

"ఇప్పుడైతే ఓర్సుకుంట."

"అయితే ఇప్పుడొద్దు. పాదం ఈడ్చుకుపోయినా, మూత్రం ఆగినా ఆ రోజే బయల్దేరు. అప్పుడు మాత్రం ఆపరేషన్‌కి భయపడకు."

రాజమ్మ మూట ఎత్తుకుని కిష్టారం దారి పట్టింది. భుజం మీద మొగుడి బరువు లేకపోతే ఆమె అంత తేలిగ్గా నడిచే మనిషని నాకు అప్పుడే తెలిసింది.

మరుసటి ఏడు కూతురి జ్వరానికి మందు కోసం వచ్చాడు. నడుం ఎలా ఉందన్నాను.

"ఉంది. నాతోటి పొలానికొస్తది. కానీ నన్ను ఆపుతలేదు."

ఆ తర్వాత నా చేతుల మీదుగా ఎందరో నడుం నొప్పివాళ్ళు వెళ్ళారు. పాదం పైకి లేవక ఈడ్చుకుంటూ వచ్చిన ఒకావిణ్ణి ఆ పూటే ఆపరేషన్‌కి పంపాను. మిగతావాళ్ళు ఎంత గట్టిగా అరిచినా, ముందు వాళ్ళ కాలిలో బలం చూశాను. బలం ఉంటే ఆలోచించుకోవడానికి వ్యవధి ఉన్నట్టే. ఆ మాట చెప్పగానే చాలామంది మొహాల్లో సగం నొప్పి అక్కడికక్కడే తగ్గేది.